ఎదురు బెల్టు మీద విమానం

ఇటు తిరుగు తల్లీ. అలా గోడకేసి తిరిగి మూతి ముడుచుకుంటే కథ గోడకి చెప్పాలా నేను? సర్లే, రోజూలాగే నా వేలు పట్టుకో. దిండు కింద ఏదో గణగణమన్నట్టుంది గానీ, నాకు చెవులు సరిగా వినపడవులే, కంగారుపడకు. ఊఁ కొట్టు.

అనగనగా సముద్రం హోరు వినపడేంత దూరంలో ఒక జీడిపప్పు ఊరు. ఆ ఊళ్ళో ఒక కార్ఖానా. కార్ఖానాలో ఒక పొడుగాటి గుడ్డ బెల్టు. మోటారు వేస్తే గుర్రుమంటూ ఒకవైపుకే పోతూ ఉండేది. దాని మీద జీడిపప్పు పోసేవాళ్ళు. రెండు పక్కలా పీటలేసుక్కూర్చున్న ఆడవాళ్ళు విరగని గుండ్లు ఒక బుట్టలోకి, బద్దలు ఒక బుట్టలోకి, ముక్కలు ఒక బుట్టలోకి ఏరేవాళ్ళు.

అక్కడ వీర్రాజుగారని ఒక మేస్త్రీ. పిక్కలు కాల్చే పని ఆయనది. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది కనకరత్నం, చిన్నది బుల్లెమ్మాయి.

జీడిపిక్క పెంకులో ఒక నల్లటి జిడ్డు ఉంటుంది తల్లీ. దాన్నే జీడి అంటారు. చేతికి బూడిద రాసుకోకుండా ముట్టుకున్నావా, చర్మం కాలి పొక్కుతుంది. మచ్చ పడిందంటే జన్మలో పోదు. ఆ పెంకులు కొట్టీ కొట్టీ పిల్లల తల్లి చేతులు పుండ్లైపోయాయి. అప్పుడు కనకం ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. అమ్మ బదులు ఎవరో ఒకరు వెళ్ళాలిగా మరి. మేస్త్రీగారి కూతురని బెల్టు పిడి దగ్గర కూర్చోబెట్టారు. పిడి ఒక చుట్టు తిప్పితే బెల్టు మెల్లగా పోయేది. రెండు చుట్లు తిప్పితే జోరుగా పోయేది. మూడు చుట్లు తిప్పితే పిచ్చి పరుగే.

బుల్లెమ్మాయి మాత్రం బడికి వెళ్ళేది. అదీ కనకం కడుపుమంట.

పొద్దున్నే చెల్లెలికి జడలు వేసేది తనే. సంచీ భుజానికి తగిలించేదీ తనే. అది వీధి మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు పళ్ళు నూరుకునేది. జడ కాస్త గట్టిగానే లాగేదనుకో. చెల్లెలంటే ఇష్టం లేక కాదు. ఇష్టం ఉండీ ఏడుపే. అదే మరీ చెడ్డ ఏడుపు. నీకు చెప్పాలా!

ఒకరోజు బుల్లెమ్మాయి వెదురు పుల్లలూ, గాలిపటం కాయితం, పాత సైకిలు ట్యూబు రబ్బరూ తెచ్చి చిన్న విమానం చేసింది. ముందు ఒక పంకా. కింద చొక్కా బొత్తాలతో చక్రాలు. రబ్బరు మెలిపెట్టి వదిలితే పంకా గిర్రున తిరిగేది. విమానం నాలుగడుగులు పరిగెత్తి గాల్లోకి లేచేది.

కార్ఖానాలో ఆడవాళ్ళంతా "అబ్బో, ఎంత బుర్రే నీది!" అని మెటికలు విరిచారు. వాళ్ళ నాన్నయితే చేతుల మసి కూడా తుడుచుకోకుండా బుల్లెమ్మాయిని అమాంతం ఎత్తుకున్నాడు. ఆయన తనని ఎత్తుకుని ఎన్నేళ్ళయిందో కనకం ఆలోచించింది. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

"నేల మీంచి ఎవత్తైనా ఎగరేస్తుంది," అంది కనకం. "నా బెల్టు మీంచి ఎగరెయ్యి చూద్దాం. అది ముందుకి పరిగెడుతుంటే నేను బెల్టుని వెనక్కి పరిగెత్తిస్తా."

ఆడవాళ్ళంతా నిజమే, అలాగైతే ఎగరదన్నారు. ఎందుకంటే చిన్నప్పుడు వాళ్ళంతా ఆ బెల్టు మీద ఎదురు పరిగెత్తినవాళ్ళే. రొప్పు వచ్చేదాకా పరిగెత్తినా ఉన్నచోటే ఉండేవాళ్ళు. కనకమూ అంతే, బుల్లెమ్మాయీ అంతే.

"ఎగురుతుందక్కా," అంది బుల్లెమ్మాయి.

"మూడుసార్లు ఎగరాలి. ఎగిరితే ఇంక నీ బడి ఊసెత్తను. ఒక్కసారి ఎగరకపోయినా బడి మానేసి నా పక్కన పీట వేసుకో."

"సరే," అనేసింది బుల్లెమ్మాయి. అది కూడా తక్కువ తిన్నదేం కాదు. వాళ్ళ నాన్న నవ్వులాటకి అనుకుంటున్నారులే అనుకున్నాడు.

మర్నాడు పని ఆగిన వేళకి అందరూ బెల్టు చుట్టూ మూగారు. కనకం పిడి ఒక చుట్టు తిప్పింది. బెల్టు వెనక్కి పోతోంది. బుల్లెమ్మాయి విమానం తోక పట్టుకుని, చక్రాలు బెల్టు మీద ఆనించి, పంకా వదిలి, తోక వదిలేసింది. విమానం చక్కా ముందుకెళ్ళి పైకి లేచింది. పప్పు చేటలో పడింది.

"మెల్లగా తిప్పాన్లే," అంది కనకం.

ఆ తర్వాత రెండు చుట్లు తిప్పింది. బెల్టు జోరందుకుంది. బొత్తాలు గిరగిరా తిరిగాయి. విమానం మళ్ళీ ముందుకే వెళ్ళింది, మళ్ళీ లేచింది. ఈసారి ఒక ముసలావిడ కొప్పు మీద వాలింది. అందరూ పగలబడి నవ్వారు. కనకం నవ్వలేదు.

"ఎలాగే?" అంది కనకం.

అప్పుడు బుల్లెమ్మాయి చెప్పింది. "మనం పరిగెత్తేటప్పుడు కాళ్ళతో బెల్టుని తన్నుకుంటూ పోతామక్కా. బెల్టు వెనక్కి పోతే మనమూ వెనక్కే. ఇది బెల్టుని తన్నదు. పంకాతో గాలిని వెనక్కి తోస్తుంది, అది ముందుకి పోతుంది. చక్రాలు ఊరికే దొర్లుతాయి. నువ్వు బెల్టుని ఎంత లాగితే అవి అంత గబగబా దొర్లుతాయి, అంతే. నువ్వు గాలిని లాగలేవు కదా!"

చెల్లెలు మామూలుగానే చెప్పింది. కనకానికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఇవన్నీ దానికెలా తెలిశాయి? బడికెళ్ళింది కాబట్టి. తనకెందుకు తెలియలేదు? పిడి తిప్పుతూ కూర్చుంది కాబట్టి.

అందరూ అన్నాలకి లేచారు. కనకం లేవలేదు. పెంకుల గది దగ్గర కుండలో జీడి ఉంది, నల్లగా, చిక్కగా. గబుక్కున వేలు ముంచింది. అక్కడే వదిలేసి వెళ్ళిన విమానానికి, పంకా తిరిగే పుల్ల చుట్టూ, అది దూరే కన్నం నిండా పూసేసింది. ఎవరైనా వస్తారేమోనన్న హడావుడిలో చేతికి బూడిద రాసుకోవడం మర్చిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊళ్ళో ఆడపిల్ల మర్చిపోకూడనిది అదొక్కటే.

ఏంటీ? మోసమా? ఊఁ, మోసమే. విను మరి.

అన్నాలయ్యాక మూడోసారి కనకం పిడి మూడు చుట్లూ తిప్పింది. బెల్టు పిచ్చిగా పరిగెత్తింది. బుల్లెమ్మాయి తోక వదిలింది. పంకా ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. బెల్టు విమానాన్ని వెనక్కి లాక్కుపోయి అవతలి కొసన కింద పడేసింది. రెక్క విరిగింది.

"చూశారా!" అని అరిచింది కనకం. తన గొంతు తనకే బాగాలేదు.

మర్నాడు బుల్లెమ్మాయి జడలు వేయించుకోవడానికి రాలేదు. వాళ్ళ నాన్న "పిచ్చి పందేలు, బడికి పో" అని కేకలేసినా వినలేదు. "మాటిచ్చాను నాన్నా," అంది. పీట తెచ్చి అక్క పక్కన వేసుకుని, చేతులకి బూడిద పూసుకుని కూర్చుంది. బద్దలు ఏరమంటే గుండ్లు ఏరింది. బడిగంట వినపడితే తల ఇంకా కిందికి దించుకుంది.

కనకం కోరుకున్నదే జరిగింది. చెల్లెలికి బడి లేదు. మరి హాయిగా ఉండాలా వద్దా? అన్నం గిన్నె మూత తీయకుండానే పక్కన పెట్టేసింది. పైగా వేలు భగభగ మండుతోంది. ఓణీ కొంగులో దాచుకుంది. సాయంత్రానికి ద్రాక్షపండంత పొక్కు లేచింది.

బుల్లెమ్మాయి చూసింది. మాట్లాడకుండా కొబ్బరినూనె తెచ్చి, గుడ్డముక్క తడిపి వేలికి చుట్టసాగింది. చుడుతూ చుడుతూ ఆగింది.

"నీ పని పిడి దగ్గర కదక్కా. జీడి ఎక్కడ ముట్టుకున్నావు?"

బుల్లెమ్మాయి లేచి వెళ్ళి విరిగిన విమానం తీసి పంకా దగ్గర చూసింది. నల్లగా ఉంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అయినా మళ్ళీ వచ్చి కూర్చుని, సగంలో ఆపిన కట్టు పూర్తిగా కట్టింది. ముడి కూడా మెల్లగానే వేసింది. ఆ పిల్ల తిట్టినా కనకం భరించేదేమో గానీ, ఆ ముడి భరించలేకపోయింది.

"నిన్ను చూసి ఓర్వలేకపోయానే," అని భోరుమంది.

మర్నాడు కనకం బెల్టు ఆపేసింది. అందరి ముందూ లేచి నిలబడి కట్టు విప్పి వేలు చూపించింది. "మొన్న దాన్ని బెల్టు ఆపలేదు. నా వేలు ఆపింది," అంది. ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. వాళ్ళ నాన్న అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని జీడి గీకేసి, కొత్త రెక్క అతికించారు. కనకం మళ్ళీ పిడి పట్టుకుంది. మూడు చుట్లూ తిప్పింది, ఆ పుండు వేలితోనే, పిడి ఇంక తిరగననేదాకా. తను ఓడిపోవాలని అంత గట్టిగా తిప్పినవాళ్ళని నువ్వెక్కడా చూసుండవు. బుల్లెమ్మాయి తోక వదిలింది. విమానం బెల్టు మీద ముందుకి ఉరికి, లేచి, వాకిలి దాటి, ఎండలో పడి జీడిమామిడి తోటలోకి వెళ్ళిపోయింది.

అప్పుడు వాళ్ళ నాన్న వెనకనించి వచ్చి కనకాన్ని ఎత్తుకున్నాడు. అంత పెద్దదాన్ని! మసి చేతులతోనే. "నిన్ను బడికి పంపలేకపోయాన్రా తల్లీ," అన్నాడు. లంగా అంతా మసైంది. ఆ లంగా కనకం ఉతకనివ్వలేదు చాలా రోజులు.

బుల్లెమ్మాయి బడికి వెళ్ళింది. సాయంత్రం వచ్చి, ఆ రోజు చెప్పిన పాఠం సుద్దముక్కతో బెల్టు మీద రాసేది. కనకం పిడి ఒక్క చుట్టే తిప్పేది. లెక్కలు మెల్లగా నడిచొచ్చి తన ముందు నించి వెళ్ళేవి. అర్థం కాకపోతే చుట్టు తిరిగి మళ్ళీ వచ్చేవి. అలా చదివి పదో తరగతి పరీక్ష రాసింది కనకం.

ఏడుపు పోయిందా అంటావా? ఎక్కడ పోతుంది! అప్పుడప్పుడు కడుపులో గుర్రుమంటూనే ఉండేది. వేలు చూసుకునేది, ఊరుకునేది.

ఏంటే, నా వేలు అలా తడుముతున్నావు? అవును, మచ్చే. వంటింట్లో కాలిందని మీ అమ్మకి చెప్పాను. నీకు మాత్రం కథ చెప్పాను.

ఎక్కడికే లేచావు? దిండు కింద ఏంటది? మీ అక్క కొత్త సైకిలు గంటా! నాకేం తెలుసమ్మా, నాకు చెవులు వినపడవుగా. వెళ్ళు, పొద్దుట్నించీ వెతికి వెతికి ఇంకా నిద్రపోలేదది. నువ్వే ఇయ్యి. నువ్వే చెప్పు.

వచ్చావా? ఏమంది? తిట్టిందా? తిట్టి, రేపు వెనక ఎక్కించుకుంటానందా? ఊఁ. రా, దుప్పట్లోకి రా. నాతోపాటు అను.

బెల్టేమో వెనక్కి,
విమానం పైపైకి,
గంటేమో అక్కకి,
కథేమో కంచికి,
నువ్వూ నేనూ నిద్దరకి!