మినపగింజంత ముఖం

అనగనగా ఉప్పుగాలి కొట్టే ఊరు ఒకటి ఉందమ్మా, భీమిలి అని. ఆ ఊళ్ళో గోడకి కొట్టిన మేకు ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టేది. బీరువాలో మడిచిన చీరకి బూజు పట్టేది. ఆ ఊళ్ళోనే మంజరి అని ఒక పిల్ల ఉండేది.

మంజరికి కుదురు లేదు. చదువు మధ్యలో మానేసింది. చేతులు మాత్రం ఊరుకునేవి కావు. ఎవరూ నేర్పకుండానే కుట్టుమిషను నేర్చుకుంది. ఆ తర్వాత రేడియోలు విప్పి బిగించడం నేర్చుకుంది. ఆ తర్వాత ఎక్కడో ఒక పాత స్కానర్ కొనుక్కొచ్చి, దాంతో నెల్లాళ్ళు కుస్తీ పట్టి, అదీ నేర్చేసుకుంది. నీ గురువెవరే అని అడిగితే, పాడుచేసుకోవడమే నా గురువు అనేది నవ్వుతూ.

వాళ్ళ పక్కింట్లో విశాలాక్షమ్మగారని ఒక పెద్దావిడ ఉండేది. మంజరి ఆవిణ్ణి మామ్మగారూ అని పిలిచేది. ఆవిడ భర్త జగ్గారావుగారు కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పేవారు. పాఠం కోసం ఊరంతా తిరిగి మొక్కల్ని స్లైడ్లుగా ఫొటోలు తీసేవారు. స్లైడంటే నీకేం తెలుసులే. అట్ట చట్రంలో బిగించిన చిన్న ఫిల్మ్ ముక్క. వెలుగుకి అడ్డం పెడితే అందులో రెండు వేళ్ళంత రంగుల బొమ్మ కనపడుతుంది. దాన్ని గోడంత చేసి చూపించే మిషను కాలేజీలోనే ఉండేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, నళిని. మొక్క ఎంత ఎత్తుందో పాఠం వినేవాళ్ళకి తెలియాలని, జగ్గారావుగారు పక్కన నళినిని నిలబెట్టి ఫొటో తీసేవారు. స్టూడియోకి తీసుకెళ్ళి పిల్లకి విడిగా ఒక ఫొటో తీయించాలని అనుకుంటూనే ఉన్నారు. అంతలోనే నళినికి మెదడువాపు జ్వరం వచ్చింది. తొమ్మిదో ఏట పోయింది.

ఆ తర్వాత ఆయన కెమెరా ముట్టలేదు. కొన్నాళ్ళకి ఆయనా పోయారు. ఆవిడకి ఒక స్లైడ్ల పెట్టె మిగిలింది.

పోయినవాళ్ళ పటానికి మనం బొట్టు పెడతాం కదా. ఆవిడకి పెట్టుకోవడానికి పటమే లేదు. అందుకని ఏటా తిథినాడు, నళిని ఎదురుగా నిలబడ్డ ఒకే ఒక్క స్లైడు బయటికి తీసి, కుంకుమ తడిపి, అగ్గిపుల్ల కొసతో బొట్టు పెట్టేది. నున్నటి వైపు జారిపోతోందని గరుకుగా ఉన్న వైపు పెట్టేది. రెండు వేళ్ళంత బొమ్మలో మినపగింజంత ముఖం. ఆ మినపగింజ మీద మినపగింజంత బొట్టు. అలా నలభై ఏళ్ళు పెట్టింది.

ఒకనాడు ఆవిడ కళ్ళకి శుక్లాలు తీశారు. కట్లు విప్పిన వారానికి పెట్టె పట్టుకుని మంజరి గుమ్మంలోకి వచ్చింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చిన్నగా చెప్పింది.

"దాని ముఖం నాకు గుర్తు రావట్లేదే పిల్లా. కన్నతల్లినై ఉండి మర్చిపోయాను. బయట ఎవరితో అనగలను? కాస్త పెద్దది చేసి చూపించు."

మంజరి పెట్టె అందుకుంది. సాయంత్రానికల్లా చూపిస్తాను మామ్మగారూ అని మాటిచ్చేసింది.

ఆ స్కానర్ మూతలో ఒక దీపం ఉండేది. కింద అద్దం మీద నాలుగు గళ్ళ పలక. నాలుగేసి స్లైడ్లు అందులో పేర్చి, మూత వేసి, మీట నొక్కి కూర్చోవాలి. లోపల ఏదో మూలుగుతూ పాకేది. కంప్యూటర్ తెర మీద బొమ్మ పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగేది. అలా నాలుగు అయ్యాక మరో నాలుగు.

మొదటి విడతలో జిల్లేడు మొక్క వచ్చింది. దాని పక్కన ఒక జడ, రిబ్బను, సగం భుజం. ముఖం అటు తిరిగి ఉంది.

కొన్ని విడతల తర్వాత ఉమ్మెత్త వచ్చింది. ఆకు పట్టుకున్న ఒక చిన్న చెయ్యి. ముఖం చట్రం అవతల ఉండిపోయింది.

ఆఖరి విడతలో మొగలిపొద దిగింది. దాని పక్కన ఎదురుగా నిలబడ్డ పిల్ల. పసుపుపచ్చ గౌను, కాళ్ళకి చెప్పుల్లేవు. మెడ మీద తల ఉండవలసిన చోట ఎర్రటి మచ్చ.

అది మామ్మగారు పెట్టే బొట్టేనని గుర్తుపట్టి, మంజరి ఆ స్లైడు బయటికి తీసింది. బొట్టు తీసేస్తే ముఖం బయటపడుతుందిలే అనుకుంది. ముందు ఊదింది. కదల్లేదు. అప్పుడు మెత్తటి బ్రష్షుతో దులిపింది. కదల్లేదు. ఆ తర్వాత దూది నీళ్ళలో ముంచి, పిండి, మెల్లగా ఒత్తి తుడిచింది.

ఫిల్ముకి గరుకు వైపే బొమ్మ ఉంటుందని, దానికి నీళ్ళు తగిలితే మెత్తబడి ఊడొస్తుందని ఆ పిల్లకి తెలీదు. ఎవరైనా నేర్పి ఉంటే మొదటిరోజే చెప్పేవారు.

బొట్టు ఊడింది. దానితోపాటు కింద ఉన్నదీ ఊడింది. మొగలిపొద పక్కన గౌను ఉంది, మెడ ఉంది, దాని పైన కిటికీలాంటి తెల్లటి కన్నం ఉంది. దూది మీద ఎర్రగా, మధ్యలో కాస్త మట్టిరంగుగా ఏదో అంటుకుంది.

బొట్టు కింద ముఖం మిగిలి ఉందో, నలభై ఏళ్ళ చెమ్మకి కుంకుమే ఎప్పుడో తినేసిందో, ఇంక ఎవరికీ తెలిసే దారి లేదు.

మంజరి మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. బొట్టు వల్లే పోయిందని చెబితే తన తప్పు సగం తగ్గుతుంది. కానీ కూతురి ముఖాన్ని తన చేతులతో తానే చెరిపేశానని ఆ తల్లి అనుకుంటుంది. ఆ మాట మోస్తూ ఆవిడ ఎన్నాళ్ళు బతకాలి? నేనే మోస్తాను అనుకుంది మంజరి.

సాయంత్రం పక్కింటికి వెళ్ళింది. ఆవిడ మంచి చీర కట్టుకుని, కొత్త కళ్ళజోడు తుడుచుకుంటూ ఎదురుచూస్తోంది.

"తప్పంతా నాదే మామ్మగారూ. ముఖం చక్కగా ఉందండి. నేనే తడి దూదితో తుడిచి పాడుచేశాను."

తిడుతుందనుకుంది. గెంటేస్తుందనుకుంది. ఆవిడ రెండూ చెయ్యలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"అయితే తుడవకముందు నువ్వు చూశావన్నమాట. ఎలా ఉందే?"

మంజరి ఇది అనుకోలేదు. జడ చెప్పింది, గౌను చెప్పింది, మొగలిపొద చెప్పింది. ముఖం సంగతి చెప్పవే అంది ఆవిడ. అప్పుడు మంజరి అంది, "నవ్వుతోందండి."

విశాలాక్షమ్మగారు తల అడ్డంగా ఊపింది.

"నవ్వలేదే. మొగలిపొద రోజు అది ఏడ్చింది. ఎండలో కాళ్ళు కాలుతున్నాయని. వాళ్ళ నాన్న కదలకు కదలకు అంటూనే ఉన్నారు. ముక్కుపుటాలు ఎగరేసి, కళ్ళు చికిలించి, కింది పెదవి ఇలా పెట్టి..."

అని పెట్టి చూపించింది. చూపించి, అలాగే ఉండిపోయింది. ఆ ముడతల ముఖంలోంచి తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్క క్షణం ఏడుపు ముఖంతో చూసింది. మంజరి నళినిని చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

"నువ్వు చూడలేదు కదూ. బొట్టు కింద ఏమీ లేదు కదూ."

"ఉందో లేదో తెలీదు మామ్మగారూ. తెలిసేలోపే తుడిచేశాను," అంది మంజరి. ఈసారి చెప్పింది నిజం.

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. వెతికిన ముఖం గుర్తుకైతే వచ్చింది, కానీ ఏడుస్తూ వచ్చింది. ఇన్నేళ్ళలో వచ్చింది ఆ ఒక్క ముఖమే.

"ఆవేళ ఇంటికొచ్చి నా కొంగు పట్టుకుంది. పని మీదున్నాను, పొమ్మన్నాను," అంది ఆవిడ.

మంజరి ఆవిడ పాదాల దగ్గర కూర్చుంది. ఓదార్చడం మాత్రం ఎలా నేర్చుకోవాలో దానికి తెలీలేదు.

అంతేనమ్మా. ఇంక అడక్కు.

కథ పోయింది కంచికి,
నిద్ర రావాలి కంటికి,
నువ్వూ నేనూ ఇంటికి.