గంట్లు పడ్డ కత్తి

లాలప్ప వచ్చి మూడు నెలలే అయింది. దస్తగిరి పదకొండేళ్ళుగా గురువు మదార్ సాయిబు దగ్గరే ఉన్నాడు. అయినా ఏ పనికి కత్తి కావలసివచ్చినా ఆయన లాలప్ప వైపే చెయ్యి చాపేవాడు.

సాయిబుది కొండవాలున రెండెకరాల బీడు. రాళ్ళేరి, కంప కొట్టి, సీతాఫలం మొక్కలు పెట్టుకున్నాడు. నమాజు ఎంతో ఆయనకు నేలపనీ అంతే. ఆ శిష్యులిద్దరికీ మంచిమాటలు చెప్పిన రోజుల కన్నా ముళ్ళకంప కొట్టించిన రోజులే ఎక్కువ.

దస్తగిరికి ఆ నేలంటే ప్రాణం. తెల్లవారి తడిగడ్డి మీద నడవడం, కొట్టిన కట్టె పచ్చివాసన, ఎండెక్కాక కొండ మీంచి దిగే గాలి, వీటికోసమే ఊరికి పోకుండా ఉండిపోయాడు. ఈ మధ్య అవేవీ అతనికి పట్టడం లేదు. కళ్ళెప్పుడూ సాయిబు చేతి మీదే.

"లాలప్పా, నీ కత్తి ఇటివ్వు."

పళ్ళు తోమే వేపపుల్లకీ అదే. దడి కట్టే తాడుకీ అదే.

లాలప్ప కత్తి పాత ఇనపపట్టీ ముక్క. పిడికి గోనెగుడ్డ చుట్టుకున్నాడు. దస్తగిరిది కమ్మరి పక్కన రెండు రోజులు కూర్చుని చేయించుకున్న కత్తి. కొమ్ముపిడి, దాని చివర ఇత్తడి పొన్ను. రోజూ ఆముదం రాసి తుడుస్తాడు.

"వాడి దాంట్లో ఏముందని?" అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం లాలప్ప నీళ్ళకు వెళ్ళాడు. అతని కత్తి కట్టెల మోపు మీద ఉంది. దస్తగిరి అటూ ఇటూ చూసి దాన్ని తీశాడు. అంచును బండకేసి నాలుగు దెబ్బలు కొట్టి, ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున సాయిబు ఒక మొక్క మొదట్లో గరిక తవ్వడానికి కూర్చున్నాడు. కత్తి అడిగాడు. లాలప్ప ఇచ్చాక గానీ దాని అంచు చూడలేదు.

"ఎక్కడో రాయికి కొట్టినట్టున్నాను సామీ. చూసుకోలేదు. నూరి తెస్తాను."

సాయిబు బొటనవేలితో గంట్లు తడిమాడు. ఆ కత్తి పక్కన పెట్టి దస్తగిరి వైపు చెయ్యి చాపాడు.

దస్తగిరికి ఒళ్ళు తేలికైంది. కత్తి తీసి, పంచెతో ఒకసారి తుడిచి, పిడి ఆయన వైపు తిప్పి ఇచ్చాడు.

సాయిబు దాని మొనను నేలలోకి దించబోయాడు.

"సామీ, అక్కడ రాళ్ళు."

ఆ మాట తన నోట్లోంచి ఎప్పుడు వచ్చిందో దస్తగిరికే తెలియలేదు.

సాయిబు చెయ్యి ఆగింది. కత్తి వెనక్కి ఇచ్చేశాడు. "మంచి కత్తి. దాచుకో" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. గంట్లు పడ్డ కత్తితోనే తవ్వడం మొదలుపెట్టాడు.

పని అయ్యాక లాలప్ప తన కత్తి తీసుకుని సానరాయి దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి దస్తగిరి వచ్చి ఎదురుగా కూలబడ్డాడు.

"ఇటివ్వు. నేను నూరతాను."

లాలప్ప ఇచ్చాడు.

"ఇది నీ చేతిలో రాయికి తగల్లేదు. నేనే కొట్టాను."

లాలప్ప ముఖం చిన్నబోయింది. "ఎందుకన్నా?"

"సామి నీదే అడుగుతున్నాడని."

లాలప్ప చెంబు చేతిలోకి తీసుకున్నాడు. లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాడు దస్తగిరి. అతను చెంబు వంచి రాయి మీద నీళ్ళు పోశాడు.

దస్తగిరి నూరుతున్నాడు. నీళ్ళు నల్లగా కారుతున్నాయి. అటుగా పోతూ సాయిబు ఒక్క క్షణం నిలబడ్డాడు.

"నూరేకొద్దీ ఇనుము పోతుంది దస్తగిరీ. పోనీ."