రాజుగారి పందిరికి నక్క ముద్ర

వాగవతలి అడవి సంగతి నాకు తెలియదు గానీ, ఇవతలి అడవిలో పుల్ల మీద పుల్ల పెట్టాలంటే నక్క ముద్ర పడాల్సిందే. ఒకప్పుడు వరదకు నాలుగు ఇళ్లు కొట్టుకుపోతే, రాజైన ఎలుగుబంటి “ఎక్కడ కడుతున్నారో కాస్త చూడండి” అని ఒక్క మాట అని పడుకున్నాడు. గుమాస్తా నక్క ఆ ఒక్క మాటను పదిహేడు ముద్రల దాకా సాగదీసింది. తేనెటీగలు విసిగిపోయి వాగు దాటేశాయి.

గిజిగాడు నారయ్యకు మాత్రం ఎక్కడికీ పోవాలని లేదు. గూళ్లు అల్లడంలో అతని తర్వాతే ఎవరైనా. ఈ ఏడు నలభై జంటలు అతన్నే నమ్ముకున్నాయి. మబ్బులు దిగుతున్నాయి, గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి, గూడు ఒక్కటీ మొదలు కాలేదు. నారయ్యకు తిండి సహించడం లేదు.

“గుమాస్తా గారూ, తుమ్మకొమ్మకు వేలాడే గూళ్లండీ. వరదకు అందవు. ముద్ర ఎప్పుడు వేస్తారు?”

“వాగుకు అడ్డం కాదని నీటికుక్క రాసివ్వాలి.”

“రాసిచ్చింది కదండీ. మీ కాలికిందే ఉంది.”

“అలాగా. అయితే కొంగ ఒప్పుకోవాలి.”

“మీ ముద్ర చూస్తేనే ఒప్పుకుంటానంటోందండీ కొంగ.”

“అది దాని పద్ధతి. నా పద్ధతి నాది.” నక్క పీతకాలు చప్పరించింది. “అయినా ఉత్త చేతులతో వచ్చి తొందర పెడితే ఎలా నారయ్యా?”

నారయ్య ఒళ్లు మండిపోయింది. సరిగ్గా అప్పుడే రాజు నుంచి పిలుపొచ్చింది.

“వాన వస్తే గుహలోకి జల్లు కొడుతుంది నారయ్యా. ముందు గడ్డి పందిరి అల్లిపెట్టు.”

“ఇవాళే అల్లుతాను దొరా. ముద్ర ఒక్కటి కావాలి.”

“నాకు ముద్రేమిటి?”

“కట్టేది ఎవరైనా ముద్ర ఉండాలని గుమాస్తా గారు చాటించారు. అర్జీ నేనే రాసి పట్టుకెళ్తాను. పేరు మాత్రం తమరిదే.”

రాజు నవ్వి, సరే పొమ్మన్నాడు. నారయ్య మోదుగాకు మీద ‘రాజుగారి గుహకు గడ్డి పందిరి’ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి మడతపెట్టాడు. నక్క ఏ అర్జీనీ విప్పి చూడదని అతనికి తెలుసు. అతని ఆకులే మూడుసార్లు మడత నలగకుండా తిరిగొచ్చాయి.

“ఏం తెచ్చావ్?” అంది నక్క.

“అర్జీ అండీ.”

“అర్జీ సరే. ఇంకేం తెచ్చావ్?”

“ఇంకేం లేదండీ.”

నక్క పంజా బురదలో ముంచి, ‘కుదరదు’ ముద్ర మడత మీదే కొట్టింది. “వచ్చే ఏడు రమ్మను.”

“ఎవరిదో ఒకసారి చూడండి.”

“ఎవరిదైతే నాకేం?”

ఆ సాయంత్రమే వాన మొదలైంది. రాజు గుహలో తడుస్తూ, నారయ్య తెచ్చిన ఆకు విప్పి చదివి, నక్క అన్న మాట కూడా విన్నాడు. నక్కను పిలిపించాడు.

“ఏమయ్యా, ఎవరిదైతే నీకేమా?”

“తమరిదని తెలిస్తే క్షణంలో వేసేవాణ్ణి దొరా.”

“అంటే తెలియనివాళ్లందరినీ ఇలాగే తిప్పుతున్నావన్నమాట. నా వాటా తేనె ఎందుకు రావడం లేదో ఇప్పుడు తెలిసింది.” రాజు తడిసిన బొచ్చు విదిలించాడు. “నారయ్యా, ఈ ముద్రలన్నీ ఎత్తేస్తాను.”

“వద్దు దొరా. వాగు దారిలో ఎవడో కడితే అందరం మునుగుతాం. మా ఇళ్లలో పద్ధతి చూడండి. గూడు సగం అల్లగానే ఇల్లాలు వచ్చి, లాగి చూస్తుంది, ఊపి చూస్తుంది. నచ్చితే అప్పుడే సరే అంటుంది, నచ్చకపోతే అప్పుడే వద్దంటుంది. చూసేవాళ్లు ఒక్కరు చాలు. కట్టే చోటికే రావాలి, ఆ పూటే చెప్పాలి.”

రాజు ఆ పని నీటికుక్కకు అప్పగించాడు. మర్నాడు పొద్దున్నే అది తుమ్మచెట్టు కిందికొచ్చి, తల ఎత్తి చూసి, “కానివ్వండి” అంది. నారయ్య గుండె తేలికపడింది. వారం తిరిగేసరికి నలభై గూళ్లు గాలికి ఊగుతున్నాయి, రాజుగారి పందిరీ లేచింది. వానలు వెలిశాక తేనెటీగలు కూడా తిరిగొచ్చాయి.

ఉద్యోగం ఊడిన నక్క వాగు ఒడ్డున బొరియ తవ్వుకుంటానని అర్జీ పెట్టుకుంది. నీటికుక్క ఆ పూటే వచ్చి చూసింది.

“ఇది నీళ్ల దారి. గట్టు మీద తవ్వుకో.”

ఇంత తొందరగా జవాబు రావడం నక్క ఎన్నడూ చూడలేదు. వెంటనే గట్టెక్కింది.

కట్టుకునేవాణ్ణి ఊరికే తిప్పుకునే గుమాస్తాకు ఏదో ఒకనాడు రాజే అర్జీదారుడై ఎదురవుతాడు.