ప్రమాణాల కర్పూరం

పైడయ్య మళ్ళీ తాగాడు. తాగి ఆశ్రమం గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా బయటే కూలబడ్డాడు. అందులో సగం తప్పు అంబుజది.

వరదమ్మగారి ఆశ్రమంలో తాగుడు మానాలనుకున్నవాళ్ళు మూణ్ణెల్లుంటారు. డాక్టరు మందులిస్తాడు, వరదమ్మ ధ్యానం నేర్పుతుంది. ఆమె శిష్యురాలు అంబుజకి అది చాలదనిపించింది. ఇంటికెళ్ళేవాడి చేత దేవుడి ముందు కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించడం మొదలుపెట్టింది. భయముంటే గ్లాసు ముట్టరని ఆమె నమ్మకం. వరదమ్మ అడ్డుపడలేదు.

ఇప్పుడు మత్తు దిగుతూ పైడయ్య చేతులు వణుకుతున్నాయి. ఇలాంటప్పుడు ఒంటరిగా వదిలేస్తే ఫిట్సు వచ్చి ప్రాణం పోవచ్చని డాక్టరు ఎన్నోసార్లు చెప్పాడు. ఆయనకి కబురు పంపి, అంబుజ గేటు తీసింది.

"లోపలికి రా."

"రానమ్మా. కర్పూరం ఆర్పీసి మాట తప్పినోణ్ణి. ఇప్పుడీ గడప తొక్కితే నా పిల్లకేటైనా అయితే?"

ఎంత చెప్పినా కదల్లేదు. పైగా, వెళ్ళిపోతానని లేవబోయాడు.

అంబుజ వంటింట్లోకి పరుగెత్తింది. "అమ్మా, పైడయ్య వెళ్ళిపోతున్నాడు. ప్రాయశ్చిత్తం ఏదైనా చేయిద్దామా? ఇంకో ప్రమాణం?"

"ముందు వాడికి గంజి కావాలి. బొగ్గులేమో తడిశాయి," అంది వరదమ్మ. "నీ కర్పూరం డబ్బా పట్రా."

"అది ప్రమాణాల కర్పూరం అమ్మా!"

"వెలుగుతుందా, వెలగదా?"

కుంపటి తీసుకెళ్ళి పైడయ్య ముందే పెట్టింది వరదమ్మ. డబ్బా చూడగానే అతను వెనక్కి జరిగాడు.

"మళ్ళీ ఆర్పమంటారా?"

"ఆర్పడానికేం తొందర? ఇంకా వెలిగించనేలేదు." డబ్బా మొత్తం బొగ్గుల మీద ఒంపి అగ్గిపుల్ల గీసింది. "ఇదిగో విసనకర్ర. కూర్చున్నవాడివి కాస్త విసురు."

అతను విసిరాడు. బొగ్గులు ఎర్రబడ్డాయి. ఈలోగా గాలి జోరైంది.

"ఈ గాలిలో గంజి ఉడికినట్టే! అంబుజా, కుంపటికి అటుపక్క చెవి పట్టుకో. లోపల పెడదాం. ఒరే, నువ్వు ఆపకు. నిప్పు ఆరిందో, నీదే పూచీ."

ఇద్దరాడవాళ్ళూ కుంపటి మోసుకుంటూ నడిచారు. పక్కనే వంగి విసురుతూ, నిప్పు మీంచి చూపు తిప్పకుండా పైడయ్య నడిచాడు. వసారాలో కుంపటి దించాకే తలెత్తాడు. గేటు తన వెనక ఉంది.

మళ్ళీ విసరసాగాడు.

వరదమ్మ గంజిగిన్నె ఎక్కించి, ఖాళీ డబ్బా అంబుజ చేతిలో పెట్టింది. "అయిపోయిందే. మళ్ళీ తెప్పించమంటావా?"

"పొయ్యికైతే తెప్పిద్దామమ్మా."

ఆ తర్వాత అంబుజ ఎవరి చేతా ప్రమాణం చేయించలేదు. ఇంటికెళ్ళే ప్రతివాడితో గేటు దాకా నడిచి, దాని గొళ్ళెం బయటినుంచి ఎలా తీయాలో చూపించి పంపేది.