చామముద్ద గిన్నె మీద మూత

నూకరత్నం జన్మలో ఏదీ రాసి ఎరగదు. ఐదో తరగతితో బడి మానేశాక పలకా బలపం మళ్లీ ముట్టలేదు. అందుకే తనకి వంట నేర్పిన మీరాసాయిబు, ఆరోజు వంటకం నల్లబల్ల మీద రాయమని సుద్దముక్క ఇవ్వబోతే రెండు చేతులూ కొంగులో దాచేసుకుంది.

"నా వల్ల కాదు గురువుగారూ. వండమంటే వండుతాను. రాయడం, మాటాడ్డం నాకు చేతకావు."

సాయిబు నవ్వి సుద్దముక్కని మళ్లీ జేబులో వేసుకున్నాడు.

విశాఖపట్నం హార్బరుకి దగ్గర్లో ఒక పెద్ద కిరాణా మార్కెట్టు. పప్పుల బస్తాలు, సబ్బులు, కూరగాయల తొట్లు దాటుకుని లోపలికి వెళ్తే చివరి మూలన ఆరు బల్లలు, ఒక పొయ్యి. అదే హవాయి భోజనశాల. ఓడల్లో ముప్ఫయ్యేళ్లు వంట చేసిన మీరాసాయిబు, ఆ దీవుల్లో ఒక ముసలమ్మ దగ్గర నేర్చుకొచ్చిన వంట అది. రెండు గుంటగరిటెల అన్నం, దాని మీద కోడి కైమా బిళ్ళ, బిళ్ళ మీద సగం వేగిన గుడ్డు, పైనుంచి చిక్కటి గ్రేవీ. పక్కన చల్లటి మాకరోనీ. ఓడలు దిగినవాళ్లూ, క్రేన్లు నడిపేవాళ్లూ మధ్యాహ్నం వచ్చి కడుపారా తిని పోతారు.

అన్నిటికంటే ముఖ్యమైంది చామముద్ద. ఉడికిన చామదుంపల్ని రాతిగుండుతో దంచి, నీళ్లు కలిపి, వెన్నలా చేసి చెక్కగిన్నెలో పెడతారు.

ఆ గిన్నెకో కట్టుబాటు ఉంది. దీవులవాళ్లకి చామ అంటే మనుషులందరికీ పెద్దన్న. మూత తీశారంటే పెద్దన్న వచ్చి కూర్చున్నట్టే. మళ్లీ మూత వేసేదాకా అక్కడ ఎవరూ చేదుమాట అనకూడదు. వచ్చిన ప్రతివాళ్లకీ సాయిబు ఈ సంగతి చెప్పేవాడు.

నూకరత్నానికి ఆ కట్టుబాటు తెగ నచ్చేసింది. పొద్దున్న మూత తీసిందంటే సాయంత్రందాకా వెయ్యదు. ముద్ద పైన ఎండి పెచ్చు కట్టినా సరే. "ఇదేటమ్మా?" అని కొత్తవాళ్లు అడిగితే వేలితో గిన్నె చూపించి తల దించుకునేది.

సాయిబు ఆ పెచ్చుని రోజూ గరిటెతో తీసి పారేసేవాడు.

మోకాళ్లు పట్టేస్తున్నాయి, వచ్చే నెల నుంచి రాలేనని సాయిబు చెప్పేశాడు. ఆ మాట మార్కెట్టు యజమాని శేషగిరి చెవిన పడింది. శనివారం మధ్యాహ్నం, బల్లలన్నీ నిండి ఉండగా, చరచరా వచ్చాడు.

"సాయిబు లేకపోతే ఇక్కడేముంది? ఈవిడకి నోట్లో నాలుక లేదు. సోమవారం పొయ్యి తీయించేసి కూల్‌డ్రింకుల ఫ్రిజ్జులు పెట్టిస్తున్నాను!"

ఈ మూల పోతే నూకరత్నానికి మళ్లీ ఊళ్లోవాళ్ల అంట్లు తోముకోవడమే. ఏం చెయ్యాలో తోచక మూత తీసి ఉన్న గిన్నెని కాస్త ముందుకి జరిపింది.

క్రేను నడిపే అప్పలకొండ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "బాబుగారూ, మూత తీసుంది. కేకలెయ్యకండి. పెద్దన్న వింటన్నాడు."

అందరూ నవ్వారు. శేషగిరి కూడా నవ్వి గొంతు తగ్గించాడు.

"సరే, మెల్లిగానే చెప్తాను. సోమవారం పొద్దున్నకి ఖాళీ చేసెయ్యి తల్లీ."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నూకరత్నం తల వంచుకునే ఉంది. "గురువుగారూ, మీరైనా చెప్పండి" అంది.

చివరి బల్ల దగ్గర తింటున్న సాయిబు లేచి, కుంటుకుంటూ వచ్చాడు. మూత తీసుకున్నాడు. గిన్నె మీద పెట్టాడు. వెనక్కి వెళ్లి తన పళ్లెం ముందు కూర్చున్నాడు.

ఆమె మూత వైపు చూసింది, తల ఎత్తి శేషగిరి వైపు తిరిగింది.

"నేనిక్కడ చేరి రెండేళ్లయింది బాబూ" అంది. "ఈ మూల మీ సొంతమే. ఒక్కరోజు కూర్చుని తిన్నారా?"

"నాకెక్కడమ్మా తీరిక?"

"మీ తొట్లో చామదుంపలు, చెయ్యి దురదని ఎవరూ ముట్టుకోరు. నేను ఏరుకొచ్చి దంచుతాను. ఈళ్లంతా వేళ్లు నాక్కుంటూ తింటారు. ఈళ్లలో ఒక్కరినైనా అడిగారా? నాకు మాట రాదు, నిజమే. నా చేతికి వచ్చు. కూర్చోండి."

"ఏటీ?"

"కూర్చోండి. తినండి. తిన్నాక కూడా తీసేస్తానంటే పొయ్యి నేనే ఆర్పేస్తాను."

అప్పలకొండ జరిగి చోటిచ్చాడు. శేషగిరి అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. ఆమె అన్నం, బిళ్ళ వడ్డించిన పళ్లెం ముందు పెట్టింది. మొదటి ముద్ద మొహమాటానికి తిన్నాడు. రెండోది ఆకలికి తిన్నాడు. పళ్లెం ఖాళీ చేసి, మూసి ఉన్న గిన్నె వైపు చూపించాడు.

"అది కూడా కొంచెం పెట్టు."

అప్పుడు నూకరత్నం మూత తీసింది. అతను రెండు వేళ్లతో తీసుకుని నాకాడు.

"ఏటమ్మా ఇది?"

ఈసారి ఆమె వేలు చూపించలేదు. దీవులవాళ్ల పెద్దన్న దగ్గర్నుంచి, చేతులకి నూనె రాసుకుని తొక్క తీయడందాకా అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ నవ్వింది కూడా.

"ఒరే, ఫ్రిజ్జులు గేటు దగ్గర పెట్టండ్రా!" అని శేషగిరి పనివాళ్లకి కేకేశాడు. వెంటనే గిన్నె వైపు చూసి నాలిక్కరుచుకుని, అదే మాట గుసగుసగా చెప్పాడు. బల్లలన్నీ ఘొల్లుమన్నాయి.

జనం పల్చబడ్డాక నూకరత్నం అడిగింది. "మూత ఎందుకేశారు గురువుగారూ? పెద్దన్న ముందు మాటాడకూడదనే కదా ఊరుకున్నాను."

"చేదుమాట వద్దన్నానమ్మా. మాటే వద్దన్నానా?"

జేబులోంచి సుద్దముక్క తీసి పొయ్యి గట్టు మీద పెట్టి, సాయిబు వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న నూకరత్నం అందరికంటే ముందే వచ్చింది. చామ దంచి, గిన్నెకెత్తి, మూత పెట్టింది. చేతులు కడుక్కుని, నల్లబల్ల తుడిచి, సుద్దముక్క పట్టుకుంది. అక్షరాలు వంకరటింకరగా కొండెక్కి దిగాయి. అయినా ఆగకుండా రాసింది.

"ఈరోజు చామముద్ద. దంచింది నూకరత్నం. ఏటో తెలీకపోతే అడగండి. చెప్తాను."