గవరయ్య మీసం, గాజుతొట్టిలో గడ్డి

అమలాపురం గవరయ్య ఇంట్లో తెలివికి కరువే లేదు. ఆ మాట చెప్పేది కూడా వాళ్ళే అనుకోండి. ఆ తెలివి పొంగిపొర్లి ఒకరోజు గవరయ్య తన తోడల్లుడు వీరబాబు ముందు మీసం మెలేశాడు.

"మీ చేపలతొట్టి అడుగున గడ్డి పరిచావని తెగ పోజు కొడుతున్నావు. నెల తిరిగేసరికి మా తొట్టిలో అంతకంటే పచ్చగా పరుస్తా. లేదంటే ఈ మీసం నువ్వే గీసెయ్."

పాపం, అతనికి ఉన్న అందమల్లా ఆ మీసమే.

అంతే, అక్వేరియం షాపు సలీం దగ్గరికి పరిగెత్తాడు. సలీం మొక్కలిచ్చి, "పిలకలు విడదీసి వేలెడు దూరంలో నాటండి. మనం వదిలే గాలే వాటికి తిండి, అది బాగా అందాలి" అన్నాడు.

వేలెడంటే ఎవరి వేలు? గవరయ్యది పొట్టి, పెళ్ళాం నూకరత్నంది పొడుగు. గంటసేపు కొట్టుకుని, పెద్దావిడ కదా అని గవరయ్య తల్లి మంగాయమ్మ వేలు ఖాయం చేశారు. నాటినంతసేపూ ఆవిడ వేలు తొట్టి బురదలోనే. సాయంత్రానికి నానిన చింతపండులా అయింది.

తర్వాత గాలి. ముగ్గురూ కొబ్బరిబొండం స్ట్రాలు పట్టుకుని వంతులవారీగా ఊదుడే ఊదుడు. మంగాయమ్మ అయితే చుట్ట ముట్టించి మరీ ఊదింది. "నా గాలి ఘాటురా, తొందరగా బలం పడతాయి" అంది. ఇంకేముంది, ఆ ఊపుకి నాటినవన్నీ లేచి పైకి తేలాయి.

సలీంకి ఫోన్ కొడితే, "మళ్ళీ గుచ్చి పైన కాస్త బరువు పెట్టండి" అన్నాడు. అంతే, రుబ్బురోలు పొత్రం తెచ్చి పెట్టారు. మొక్కలు పచ్చడి. దానిమీద నాచు.

"నాచుకి రొయ్యలు వెయ్యండి, అవే తినేస్తాయి" అన్నాడు సలీం. నూకరత్నం చేపల మార్కెట్లో అరకిలో కొని, తలలు తీసి, ఒలిచి, పసుపు రాసి తొట్టిలో వేసింది. రెండ్రోజులు చూశారు.

"ఏంటే, ఒక్కటీ ముట్టదు?"

"కొత్తచోటు కదండీ, మొహమాటం."

"తలలు తీసేశావుగా, దేంతో తింటాయి?"

"తలలుంటే మీకు నచ్చదుగా మరి."

నెల తిరిగిన ఆదివారం వీరబాబు రేజరుతో దిగాడు. తొట్టి వాసనకి ముక్కు మూసుకుని, "కూర్చోండి అన్నయ్యగారూ" అన్నాడు. గవరయ్య కళ్ళు మూసుకున్నాడు. రెండు గీతలు, అంతే, మీసం ఒళ్ళో పరిచిన పేపర్లో పడింది. గవరయ్య బోడిమూతి తడుముకున్నాడు.

నూకరత్నం ఏడుస్తూ సలీంకి ఫోన్ చేసింది. "మొత్తం కత్తిరించేశారండీ."

సలీం మొక్కల సంగతి అనుకున్నాడు. "ఏడుస్తారెందుకమ్మా, మంచిదే. ఆ ముక్కలు మళ్ళీ నాటండి, ముందుకంటే దట్టంగా వస్తాయి."

ఫోన్లో ఆ మాట విని గవరయ్య మొహం వెలిగిపోయింది. పేపరు దులిపి, ఒక్కో వెంట్రుకా పట్టకారుతో బురదలో గుచ్చడం మొదలెట్టాడు. వీరబాబు రేజరు తుడుచుకుని గుమ్మం వైపు కదిలాడు.

"నెలాగి రా తమ్ముడూ" అన్నాడు గవరయ్య తలెత్తకుండా. "నీ గడ్డికంటే ఒత్తుగా లేకపోతే, ఈ తొట్టిలో మీసం కూడా నువ్వే గీసెయ్."