కొలత రోజున చెంబెడు నీళ్లు

ఓబుళమ్మకు అరవై రెండేళ్లు. ఎవరేం అడిగినా ముందు చెంబెడు నీళ్లు తెమ్మంటుంది, తాగాకే నోరు విప్పుతుంది. పదేళ్లుగా ఊరి బావిలోకి వారం వారం టేపు దించి నీటిమట్టం రాసింది ఆమే. ఇప్పుడు చూపు ఆనక ఆ పని అనసూయకు నేర్పుతోంది.

ఆ గురువారం పొద్దున అనసూయ రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చింది. "పెద్దమ్మా, ఈరోజు గట్టు నుంచి పద్దెనిమిది అడుగులకే నీళ్లు తగిలాయి. పోయిన వారం ఇరవై ఆరు. చినుకు పడలేదు. ఎట్లా పెరిగాయి?"

మధ్యాహ్నం మండలం నుంచి అధికారి వస్తాడు. నీళ్లు ఇరవై అడుగుల లోపే తగిలితే ఊరి పేరు కరువు జాబితాలోంచి పోతుంది, వారానికోసారి వచ్చే ట్యాంకరు ఆగిపోతుంది.

"మూడుసార్లు దించి చూశాను. టేపు అబద్ధం చెప్పదు కదా?"

"చెప్పదు. ఒక చెంబెడు నీళ్లు తేపో. నా ఇంట్లో లేవు."

చెంబు పట్టుకుని అనసూయ పక్కింటికి వెళ్లింది. బిందెలు బోర్లించి ఉన్నాయి. ఆ తర్వాతి ఇంట్లో కుండ అడుగున మడ్డి తప్ప ఏమీ లేదు. మూడో ఇంటి గడపలో బాలింత లింగమ్మ బిడ్డను ఒళ్లో వేసుకుని ఎండిన పెదవులు తడుపుకుంటోంది.

"మొన్నటి నుంచి ఆడోళ్లెవరూ బావి కాడికి పోవద్దన్నారు కదక్కా. ఆఫీసరు తొంగిచూస్తే బావి నిండుగా కనపడాలంట. లేకుంటే ఊరి పరువు పోతాదంట."

"ఎవరన్నారు?"

"పెద్దమనుషులంతా. ఇంటింటికీ వచ్చి చెప్పింది మాత్రం మీ నాయనే."

"మరి వాళ్లేం తాగుతున్నారు?"

"వాళ్లకేం, రోడ్డు మీది హోటల్లో టీ."

తన ఇంటి వసారాలో రెండు డ్రమ్ములు అంచుల దాకా నిండి ఉన్నాయని అనసూయకు అప్పుడు గుర్తొచ్చింది. మూడు రోజుల కిందట తండ్రి దగ్గరుండి నింపించాడు. ఎందుకని తను అడగలేదు.

ఖాళీ చెంబు తెచ్చి ఓబుళమ్మ ముందు పెట్టింది. ఓబుళమ్మ దాన్ని చేత్తో తడిమి చూసి పక్కన పెట్టింది.

"బావి నిండింది నిజమే. ఎవరి చెంబుల్లోంచి నిండిందో చూసొచ్చావు కదా. రాయి."

అనసూయ రిజిస్టరులో పద్దెనిమిది అని రాసింది. దాని కిందే, నీళ్లు తోడవద్దన్న వాళ్ల పేర్లు రాసింది. మొదటి పేరు తండ్రిది.